మావోరీలు కాని మనం హరకెకె అల్లిక నేర్చుకోవచ్చా? నేర్చుకోవచ్చు, కానీ మొక్క దగ్గర మొదలుపెట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఏడాది క్రితం మీరు హైదరాబాదు నుంచి ఆక్లండ్‌కు వచ్చారు. ఇక్కడి మూలవాసులైన మావోరీల కొత్త సంవత్సరపు పండుగ మతరికి రోజున, మీ అమ్మాయి బడి నుంచి హరకెకె అనే మొక్క ఆకుతో అల్లిన పువ్వొకటి ఇంటికి తెచ్చింది. అప్పటి నుంచి మీకు పోలినేషియా చేతిపనులు నేర్చుకోవాలని ఉంది. మనది కాని విద్యలో చెయ్యి పెట్టడం తప్పేమోనన్న సంకోచం ఒకవైపు, యూట్యూబ్ చూసి ఇంటి పక్క పార్కులోని ఆకులతో మొదలుపెట్టేయాలన్న ఉత్సాహం ఇంకోవైపు ఉన్నాయి. చేయి తిరిగాక వాటిని అమ్మవచ్చా అని కూడా అడిగారు.

సూటిగా చెబుతాను: నేర్చుకోవచ్చు. మావోరీలు కానివారికి మనసారా నేర్పే గురువులు ఈ దేశంలో చాలామంది ఉన్నారు. నాకు నేర్పినవారు అలాంటివారే. అయితే వీడియోతో కాక ఒక మనిషి దగ్గర, ఒక మొక్క దగ్గర మొదలుపెట్టండి. పార్కులో ఆకులు మాత్రం కోయకండి. అమ్మకం మాట కొన్నేళ్ల పాటు తలపెట్టకండి. ఈ మూడింటికీ కారణాలు ఉన్నాయి, అవే ఈ సమాధానంలో ఎక్కువ చోటు తీసుకుంటాయి.

నేను హామిల్టన్‌లో ఉంటాను. పదమూడేళ్లుగా హరకెకె అల్లుతున్నాను. నేను మావోరీని కాను కాబట్టి ఈ విద్య విషయంలో తీర్పు చెప్పే అధికారం నాకు లేదు. గురువు నేర్పినదాంట్లో బయటివారితో పంచుకోవచ్చని ఆమె స్వయంగా చెప్పిన మేరకే ఇక్కడ రాస్తున్నాను. ఆమెను మేమందరం ‘ఫాయెఅ’ అంటాం, అమ్మ వరుస వాళ్లను పిలిచే మాట అది.

ముందుగా ‘పోలినేషియా చేతిపనులు’ అన్న మాటను కాస్త చిన్నది చేసుకోండి. ఉత్తరాన హవాయీ, తూర్పున రాపా నూయి (ఈస్టర్ ద్వీపం), నైరుతిన మనమున్న ఆవోతెఅరోవా (న్యూజిలాండ్‌కు మావోరీ పేరు), ఈ మూడింటి మధ్య ఉన్న మహాసముద్రమంతా పోలినేషియానే. చెట్టు బెరడును కొట్టి చేసే వస్త్రాన్ని సమోవాలో సియాపో అంటారు, టోంగాలో ఙతు అంటారు, హవాయీలో కాపా అంటారు. మూడింటికీ మూలం కాగితపు మల్బరీ చెట్టే అయినా కొట్టే తీరు, రంగు వేసే తీరు, ఆ వస్త్రం ఏ సందర్భంలో ఎవరి చేతికి వెళుతుందన్న మర్యాద వేరువేరు. హవాయీలో చాపలకు, టోపీలకు వాడేది హలా ఆకు. అది మన కోస్తా ఇసుక నేలల్లో పెరిగే మొగలి పొదకు దగ్గరి చుట్టం. కుక్ దీవుల ఆడవాళ్లు పదిమంది కలిసి కూర్చుని కుట్టే తీవయెవయె దుప్పట్లను చూస్తే మన ఇళ్లలో పాత చీరలతో కుట్టిన బొంతలు గుర్తొస్తాయి. వాటిని పెళ్లిళ్లలోనూ, మగపిల్లల జుట్టు తీయించే వేడుకలోనూ కానుకగా ఇస్తారు. ఇన్నింటినీ ‘ద్వీపాల కళ’ అని ఒక మూట కట్టి అన్నీ కాస్త కాస్త రుచి చూడాలనుకోవడమే మొదటి అమర్యాద అని నా అభిప్రాయం. ఒకటి ఎంచుకోండి. మీరు ఆక్లండ్‌లో ఉన్నారు, మీ అమ్మాయి తెచ్చిన పువ్వు హరకెకెతో చేసినది, కాబట్టి అదే మీకు దగ్గరి దారి. ఈ అల్లికను మావోరీ భాషలో రరంగ అంటారు.

మొక్క. తెల్లవాళ్లు దీనికి ఫ్లాక్స్ అని పేరు పెట్టారు గానీ అవిసె మొక్కకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. దీని పీచు అవిసె నారను తలపించింది కాబట్టి ఆ పేరు అంటుకుంది. మన కళ్లకు ఇది కలబంద, మొగలి కలిసినట్టు కనిపిస్తుంది: నేల నుంచి నేరుగా లేచే కత్తుల్లాంటి ఆకులు, మనిషికంటే ఎత్తు. అరటి తోట చూసినవారికి దీని పెరుగుదల వెంటనే అర్థమవుతుంది. ఒక్కో పొదలో పిలకలు పిలకలుగా విసనకర్రల్లాంటి గుత్తులు ఉంటాయి. ఒక్కో గుత్తి మధ్యలో ఉండే లేత మొవ్వును ‘రితో’ అంటారు, అంటే బిడ్డ. దానికి ఇరువైపులా కాపలాగా ఉండేవి ‘అఫి రితో’, తల్లిదండ్రులు. వాటికి బయట ఉన్న ముదురాకులు ‘తూపునా’, తాతముత్తాతలు. కోసేది ఈ తాతముత్తాతల ఆకులనే. బిడ్డనూ తల్లిదండ్రులనూ ఎప్పుడూ ముట్టుకోరు, ఎందుకంటే మొవ్వు పోతే ఆ గుత్తి ఇక పెరగదు, తోడు లేకపోతే మొవ్వు బలహీనపడుతుంది. మీరు ఏ మావోరీ సభకు వెళ్లినా ఒక సామెత వినే అవకాశం ఉంది: హరకెకె మొవ్వును పెరికేస్తే కోమకో పిట్ట ఎక్కడ కూర్చుని పాడుతుంది అని. ఆ సామెత కుటుంబం గురించి, కానీ అల్లేవారికి అది అక్షరాలా కత్తి పట్టుకునే పద్ధతి కూడా.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. నేర్చుకోవడం మొదలుపెట్టిన రెండో నెలలో, ఒక కార్యాలయం బయట కార్లు నిలిపే చోట బలిసిన హరకెకె పొద కనిపించింది. ఎవరూ పట్టించుకోని మొక్కే కదా అనుకుని, కత్తెర తీసుకుని చేతికందిన ఆకులన్నీ నడిమికి అడ్డంగా కోసి, ఇరవై ఆకుల కట్ట ఒకటి తరగతికి తీసుకెళ్లాను. ఫాయెఅ కట్ట విప్పలేదు. కోసిన చివరలను వేలితో తడుముతూ ఒకదాని దగ్గర ఆగారు. అది మిగతావాటికంటే సన్నగా, లేతాకుపచ్చగా, మధ్యలోకి ముడుచుకుని ఉంది. ‘ఇది రితో’ అన్నారు, అంతే. తరగతి అయ్యాక తనను కారులో ఆ పొద దగ్గరికే తీసుకెళ్లమన్నారు. నేను అడ్డంగా కోసిన మొదళ్లు అప్పటికే గోధుమరంగుకు తిరిగి, కోసిన చోట నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, ఎండిన ఆకులు లాగేసి, ఒక్కొక్క మొదలునూ మళ్లీ కిందికంటా కోశారు. గుత్తి నడుమ నుంచి బయటికి వాలేలా ఏటవాలుగా కోశారు, అప్పుడు వాన నీరు మొవ్వులోకి దిగకుండా బయటికి జారిపోతుంది. అరగంట పట్టింది. నేను తెచ్చిన కట్టను అల్లడానికి వాడనివ్వలేదు, ఆ పొద మొదట్లోనే పరిచాం. ఆ పొద ఎవరిదో కనుక్కుని, లోపలికి వెళ్లి వారితో మాట్లాడి రమ్మన్నారు కూడా. గౌరవం అంటే ఏమిటో నాకు మాటల్లో ఎవరూ చెప్పలేదు, ఆ అరగంట చూశాను.

అందుకే పార్కు సంగతి అంత గట్టిగా చెప్పాను. నగరపాలక స్థలంలోనూ, పరిరక్షణ శాఖ భూముల్లోనూ అనుమతి లేకుండా మొక్కలు కోయకూడదు. అంతకంటే ముఖ్యమైనది, చాలాచోట్ల మీకు మామూలు పొదగా కనిపించేది ఒక కుటుంబమో ఒక మరయెనో (మావోరీ సమాజం కలుసుకునే సభాస్థలం) అల్లిక కోసమే పెంచుకునే ‘పా హరకెకె’ కావచ్చు. అందులో ఒక్కో రకానికీ ఒక్కో పేరు, ఒక్కో పని ఉంటాయి: కొన్ని పీచుకు, కొన్ని చాపలకు, కొన్ని బుట్టలకు. గిస్బర్న్‌కు చెందిన రెని ఆర్కిస్టన్ అనే ఆవిడ దశాబ్దాల పాటు ఊరూరా తిరిగి ఇలాంటి పాత రకాలను సేకరించి కాపాడారు. 1987లో ఆ సేకరణను లింకన్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థకు అప్పగించారు, అక్కడి నుంచి పిలకలు మళ్లీ దేశమంతటి మరయెలకు వెళ్లాయి. మీకు పెరడు ఉంటే గురువును అడిగి ఒక పిలక తెచ్చి నాటుకోండి. కోతకు రావడానికి కొన్నేళ్లు పడుతుంది, ఆలోపు మీకు కత్తి పట్టడం వస్తుంది.

మర్యాదలు. వీటిని మావోరీలో ‘తికంగా’ అంటారు. నా గురువు దగ్గర పాటించేవి ఇవి: కోసే ముందు ఒక ‘కరకియా’, అంటే ప్రార్థన చెబుతారు. రాత్రిపూట కోయరు, వానలో కోయరు. ‘కోరారి’ అనే పూకాడ లేచి ఉన్నప్పుడు ఆ పొదను వదిలేస్తారు. పరిచిన ఆకుల మీదుగా, సగం అల్లిన పని మీదుగా కాలు దాటించరు. అల్లే చోట తిండి పెట్టుకోరు. మిగిలిన ముక్కలను చెత్తబుట్టలో వేయరు, తిరిగి మొక్క మొదట్లో వేస్తారు. మొదటిసారి పూర్తి చేసిన వస్తువును ఉంచుకోకుండా ఎవరికైనా ఇచ్చేస్తారు.

మగ్గానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో, సందెవేళ దాటాక తులసి ఆకు తెంపనివ్వని ఇంట్లో పెరిగినవారికి వీటిలో ఏదీ వింతగా అనిపించదు. అది మనకు మంచి ఆసరా. కానీ ఆ పోలికను అక్కడితో ఆపండి. మనవాళ్లలో కొందరు ఏదైనా దగ్గరగా కనిపించగానే ‘ఇదంతా మన దగ్గరి నుంచి వెళ్లినదే’ అని మొదలుపెడతారు. మిషనరీ విలియం కొలెన్సో 1830లలో చూసిన తమిళ అక్షరాల కంచు గంటను, ఇప్పుడు వెల్లింగ్టన్‌లోని తె పాపా మ్యూజియంలో ఉన్నదాన్ని, దానికి సాక్ష్యంగా చూపిస్తారు. ఒక గంట ఓడ మీద కొట్టుకు రావచ్చు. ఈ అల్లిక మాత్రం తూర్పు పోలినేషియా నుంచి పడవల మీద వచ్చినవారు తమతో తెచ్చుకున్న నేర్పును, ఇక్కడి చలికి, ఇక్కడి మొక్కకు తగినట్టు తరతరాలుగా మలుచుకున్నది. వారి ఇంట్లో కూర్చుని వారి విద్యకు మనం తండ్రులం కాబోయే ప్రయత్నం చేయకూడదు.

ఇంకో జాగ్రత్త: ఈ మర్యాదలు అన్ని తెగలలోనూ ఒకేలా ఉండవు. నెలసరి రోజుల్లో ఆడవాళ్లు కోయకూడదనే గురువులు ఉన్నారు, ఆ నియమం తమ ఇంట్లో లేదనేవారూ ఉన్నారు. మీకు ఆ నియమం నచ్చకపోవచ్చు. మన ఇళ్లలో అలాంటివాటితో మనకు ఉన్న గొడవ నాకూ తెలుసు. నేను చేసేది ఇది: ఏ గురువు నేల మీద కూర్చుంటే ఆ గురువు పద్ధతి పాటిస్తాను, ఒకరి దగ్గర విన్నది చూపించి ఇంకొకరితో వాదించను.

గురువును ఎలా వెతకాలి? మీ అమ్మాయి బడినే ముందు అడగండి. ఆ పువ్వు నేర్పినవారు ఎవరో వారికి తెలుసు, ఇంతకంటే సహజమైన పరిచయం దొరకదు. ఆ తర్వాత మీ దగ్గరి మరయెలో, సామాజిక కేంద్రంలో, గ్రంథాలయంలో వారాంతపు తరగతులు ఉన్నాయేమో చూడండి. క్రమబద్ధంగా నేర్చుకోవాలంటే తె వానంగా ఒ ఆవోతెఅరోవా అనే మావోరీ విద్యాసంస్థలో రరంగ కోర్సులు ఉన్నాయి, పట్టా స్థాయి వరకూ చదవవచ్చు. అక్కడ మావోరీలు కానివారూ చేరతారు. జాతీయ స్థాయిలో అల్లికదారుల సంఘం ఉంది, దాని పేరు తె రోపూ రరంగ ఫతు ఒ ఆవోతెఅరోవా. గురువు డబ్బు అడగకపోతే అది ఉచితమని అర్థం కాదు. ‘కోహా’ అని ఒక పద్ధతి ఉంది, మీకు తోచినంత మీరు ఇస్తారు. నేను మొదట్లో కవరులో డబ్బు పెట్టి ఇచ్చేదాన్ని. తర్వాత తెలిసింది, ఫాయెఅకు డబ్బుకంటే పా హరకెకెలో ఒక శనివారం ఉదయం ఎండాకులు తీసి శుభ్రం చేసే రెండు చేతులు ఎక్కువ అవసరమని. ఆమెకు అప్పటికి డెబ్బై దాటాయి.

ఈ విద్య మనదాకా ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవాలి, అది తెలిస్తే తరగతిలో మన చోటు ఏదో తెలుస్తుంది. పాతకాలంలో నేత, అల్లిక నేర్చుకునే చోటును ‘ఫారె పోరా’ అనేవారు. అందులో ప్రవేశానికి కర్మకాండ ఉండేది, ఆ నేర్పు కుటుంబంలోనే తల్లి నుంచి బిడ్డకు సాగేది. వలస పాలనలో మిల్లు బట్ట వచ్చి, భూములు పోయి, జనం ఊళ్లు వదిలి పట్టణాలకు చేరాక ఆ గొలుసు చాలా ఇళ్లలో తెగింది. తె కూయితి ప్రాంతపు రంగిమారియె హెటెట్ (1892–1995) గొప్ప అల్లికదారు. 1951లో ఏర్పడిన మావోరీ మహిళా సంక్షేమ సంఘం ద్వారా ఆవిడ తన తెగకు బయటివారికి కూడా నేర్పడం మొదలుపెట్టారు. తెగ విద్యను తెగ దాటించడం అప్పట్లో అందరూ ఒప్పుకున్న పని కాదు. విద్య చచ్చిపోవడంకంటే పంచడం మేలని ఆవిడ, ఆవిడ కూతురు డిగరెస్ తె కనవా (1920–2009) నిర్ణయించుకున్నారు. ఈ రోజు మనలాంటివారు తరగతిలో కూర్చోగలుగుతున్నామంటే అలాంటివారి నిర్ణయం వల్లనే.

అయితే సొంత నాయనమ్మ దగ్గర నేర్చుకునే అవకాశం పోయి, ముప్పై ఏళ్లొచ్చాక తరగతిలో చేరే మావోరీ అమ్మాయిలు మీ పక్కనే ఉంటారు. నా బృందంలో ఒకామె మొదటి రోజే నన్ను చూసి ‘మా వాళ్లకే చోట్లు చాలడం లేదు’ అంది. నాకు కష్టమనిపించింది, కానీ ఆ మాటలో అబద్ధం లేదు. అప్పటి నుంచి నిండిపోయే తరగతులకు నేను పేరు ఇచ్చేటప్పుడు ‘చోటు మిగిలితేనే’ అని రాస్తాను. రెండుసార్లు చోటు దొరకలేదు. ఎవరైనా గురువు ‘నేను మావోరీలకే నేర్పుతాను’ అంటే కారణం అడగకండి, ధన్యవాదాలు చెప్పి ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

మొదటి ఆరు నెలలు ఏం చేయాలి? పువ్వులు, ఆ తర్వాత ‘కోనో’ అనే చిన్న గిన్నె బుట్ట. అంతే. పెద్ద ‘కెతె’ బుట్టలకు, చాపలకు తొందరపడకండి. కోసిన ఆకును తడిగుడ్డతో తుడిచి, గట్టి అంచులనూ నడిమి ఈనెనూ తీసేసి, బొటనవేలి గోటితో పొడుగునా చీలుస్తారు. ఆకు మొదట్లో స్వచ్ఛమైన జిగురు ఉంటుంది, వేళ్లకు అంటుకుంటుంది. పట్టీలన్నీ ఒకే వెడల్పు ఉండాలి. వేలు వెడల్పు పట్టీతో మొదలుపెట్టండి. ఆ తర్వాతి పని పేరు ‘హాపినె’: పట్టీని కత్తి మొండి వైపుకూ బొటనవేలికీ మధ్య పెట్టి లాగడం. దానివల్ల తేమ కొంత బయటికి వచ్చి ఆకు మెత్తబడుతుంది. కొత్తవారు దీన్నే తప్పించుకుంటారు, ఎందుకంటే విసుగు పుట్టించే పని. నేనూ తప్పించుకున్నాను. నా మొదటి కోనో అల్లిన రోజు బిగువుగా, నీళ్లు పోసినా నిలుస్తాయేమో అనిపించేలా ఉంది. పది రోజులకు పట్టీలు ఎండి సన్నబడి, సందుల్లోంచి వేలు పట్టేంత ఖాళీలు వచ్చాయి. పచ్చి ఆకు తప్పకుండా కుంచించుకుపోతుంది. బాగా హాపినె చేసి, ప్రతి వరుసా లాగి బిగించి, ఒక రాత్రి ఆరనిచ్చి మళ్లీ బిగిస్తే ఆ ఖాళీలు తగ్గుతాయి.

పడుగు పేక తెలిసినవారికి అల్లిక లెక్క సులభం: ఒకటి పైకి ఒకటి కిందికి వేస్తే ‘తకితహి’, రెండేసి వేస్తే ‘తకిరువా’. ఈ రెండూ చేతికి వస్తే చాలా దూరం వెళ్లవచ్చు. పీచు తీసి దారం చేసే పని తర్వాతిది: ఆకు మీద మసెల్ అనే ఆల్చిప్ప అంచుతో గీకితే పచ్చ పొర ఊడి, లోపల పట్టులా మెరిసే ‘ముక’ అనే నార బయటపడుతుంది. దాన్ని ఒట్టి పిక్క మీద అరచేత్తో దొర్లించి పురి పెడతారు. మొదటిసారి ఆ నార బయటికి వచ్చినప్పుడు మా తరగతిలో అందరం పని ఆపేసి చూస్తూ ఉండిపోయాం.

ఆ వంకర కోనోను ఇచ్చేయడం నాకు కష్టమైంది. మొదటిది దాచుకోవాలని ఎవరికి ఉండదు? పక్కింట్లో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడకు ఇచ్చాను. ఆవిడ అందులో తాళంచెవులు వేసుకునేవారు. తలుపు తెరిచినప్పుడల్లా ఆ ఖాళీలు నాకు కనిపించేవి, హాపినె తప్పించుకోకూడదని గుర్తొచ్చేది.

మాటలు కూడా నేర్చుకోండి. ఈ విషయంలో తెలుగువారికి మేలే. మావోరీలో అచ్చులు ఐదు, ప్రతిదానికీ హ్రస్వం, దీర్ఘం ఉన్నాయి, అర్థం వాటి మీద ఆధారపడి ఉంటుంది: ‘కెకె’ అంటే కేకు, ‘కేకే’ అంటే చంక. ఇంగ్లీషు మాత్రమే వచ్చినవారు ఇక్కడ తడబడతారు, మనకు ఆ తేడా చిన్నప్పుడే వచ్చేసింది. మొదటి అక్షరం నుంచి సరిగ్గా పలికితే గురువు ముఖంలో తెలుస్తుంది.

దేనికి దూరంగా ఉండాలి? మొదటిది, ఒంటి మీది ‘మోకో’. అది ఆ మనిషి వంశాన్ని చెప్పే గుర్తు. దాని గీతలను కాగితం మీద ప్రయోగం కోసమైనా నకలు చేయకండి. ఆ వంశం లేనివారి కోసం మావోరీ కళాకారులు వేసే దానికి ‘కిరితుహి’ అని వేరే పేరు పెట్టుకున్నారంటేనే ఆ హద్దు ఎంత ముఖ్యమో తెలుస్తుంది. రెండోది, ‘కొరోవై’ వంటి పై వస్త్రాలు. స్నేహితురాలొకరు కొడుకు స్నాతకోత్సవానికి కొరోవై ఒకటి చేసిపెట్టమని, ఎంతైనా ఇస్తానని అడిగారు. నేను చేయలేదు. నాకు ఆ నేత పూర్తిగా రాదన్నది ఒక కారణం. అది వంశ గౌరవంతో పాటు ఒకరి భుజం మీద కప్పేది, నా చేతి నుంచి డబ్బుకు వెళ్లకూడదన్నది అసలు కారణం. విశ్వవిద్యాలయంలోని మావోరీ విద్యార్థి విభాగాన్ని అడగమని చెప్పాను. ఈకల విషయంలో చట్టం కూడా ఉంది: కివి, కెరెరూ వంటి స్థానిక పక్షుల ఈకలు రోడ్డు పక్కన దొరికినా దాచుకోకూడదు, 1953 నాటి వన్యప్రాణి చట్టం వాటిని కాపాడుతోంది. పచ్చరాయి ‘పౌనము’ కూడా అంతే. దక్షిణ ద్వీపంలో దాని యాజమాన్యం 1997 చట్టం ద్వారా ఙాయి తహు తెగకు తిరిగి వెళ్లింది.

నమూనాల గురించి ఒక మాట. ‘గీతలే కదా, ఎవరైనా వేసుకోవచ్చు’ అనిపించినప్పుడు నేను కలంకారీని తలచుకుంటాను. శ్రీకాళహస్తిలో కరక్కాయ రసంలో నానబెట్టిన గుడ్డ మీద కలంతో రోజుల తరబడి వేసే బొమ్మను, మిల్లులో ముద్ర కొట్టి అదే పేరుతో వందల రూపాయలకు అమ్ముతుంటే ఆ కలం పట్టినవారికి ఏమవుతుందో మనం చూశాం. మావోరీలకు ఆ నష్టం ఇంకా లోతుగా తగిలింది. తమ మొక్కల మీద, తమ నమూనాల మీద, తమ జ్ఞానం మీద ఎవరికి అధికారం అన్న వాదనను వారు 1991లో, ప్రభుత్వం తమతో చేసుకున్న ఒప్పందాన్ని ఉల్లంఘించిందన్న ఫిర్యాదులను విచారించే వైతంగి ట్రిబ్యునల్ ముందు పెట్టారు, దాన్ని వాయి 262 అంటారు. నివేదిక రావడానికి 2011 వరకు పట్టింది. హరకెకె కూడా ఆ వాదనలో భాగమే. కాబట్టి ఒక నమూనా మీకు నచ్చితే గురువును అడగండి: దీని పేరేమిటి, ఇది ఎవరిది, నేను అల్లవచ్చా? కొన్నిటికి ‘అందరిదీ’ అంటారు. కొన్నిటికి ‘ఇది మా అమ్మమ్మది, ఇక్కడే ఉంచు’ అంటారు.

అమ్మకం. నేను ఇంతవరకు ఒక్క బుట్ట కూడా అమ్మలేదు, ఇక ముందూ అమ్మను. ఇది నా నిర్ణయం; మావోరీలు కానివారు అమ్మితే తప్పనే గురువులు ఉన్నారు, చేసినవారి పేరు, వంశం దాచకుండా చెబితే అభ్యంతరం లేదనేవారూ ఉన్నారు. ఎవరు ఏమన్నా మూడు విషయాల్లో మాత్రం రాజీ ఉండకూడదు. చేసింది మావోరీ కాదని కొనేవారికి స్పష్టంగా చెప్పాలి. మావోరీల పనికి గుర్తింపుగా 2002లో వచ్చిన ‘తోయి ఇహో’ ముద్రను తలపించే ఏ గుర్తూ పెట్టకూడదు. మీరు నేర్చుకున్న గురువుకు ముందు చెప్పి, ఆమె ఒప్పుకుంటేనే అమ్మాలి. అదే పని చేసి పూట గడుపుకునే మావోరీ కుటుంబం పక్క దుకాణంలోనే ఉంటే వారి ధరకంటే తక్కువకు అమ్మడం నా దృష్టిలో అన్యాయం. ఇతరులకు నేర్పడం అమ్మడంకంటే పెద్ద సంగతి: తెలుగు సంఘం పిల్లల శిబిరానికి పువ్వులు నేర్పమని నన్ను పిలిచినప్పుడు ఫాయెఅను అడిగాను. ఆమె తన మనవరాలిని పంపారు, నేను పక్కన కూర్చుని పట్టీలు చీల్చి ఇచ్చాను. ఆ ఏర్పాటు పిల్లలకూ మంచిదైంది.

ఇది చదివే మరికొందరు హైదరాబాదు, విజయవాడల్లో ఉండవచ్చు. అక్కడి వేడికి హరకెకె నిలవదు, విత్తనాలు తెప్పించుకునే ప్రయత్నం వద్దు. చేయి ఆడించాలని ఉంటే తాటాకుతో, ఈతాకుతో మొదలుపెట్టండి. మీ ఊళ్లో ఈతచాప అల్లగలిగిన చివరి ముసలావిడ ఎక్కడో ఇంకా ఉండే ఉంటుంది. ఆమెను అడగడానికి కూడా ఇదే మర్యాద సరిపోతుంది.

తరగతి మొదటి రోజుకు ఒక చిన్న పదునైన కత్తి, ఒక పాత తువ్వాలు, నేల మీద కూర్చోగల బట్టలు తీసుకెళ్లండి. అందరికీ సరిపడా తినుబండారాలు తీసుకెళితే మంచిది, కానీ వాటిని ఆకులకు దూరంగా వేరే బల్ల మీద పెట్టండి. ఆ ముందురోజు రాత్రి వాన కురిస్తే తెల్లవారి గురువు నుంచి ‘ఈ రోజు కోత లేదు’ అని సందేశం రావచ్చు. అయినా వెళ్లండి, ఆ రోజు కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ పాత ఆకుతో హాపినె చేయిస్తారు.